నల్లగొండ నుంచి అండమాన్‌కు: పొద్దు చూసుకుని, పోటు చూసుకుని

మొదటిసారి వెళ్లినప్పుడు మేం అండమాన్‌లోని రాధానగర్ బీచ్‌కు సాయంత్రం ఐదున్నరకు చేరాం. డిసెంబర్ నెల. నల్లగొండలో ఆ వేళకు పొద్దు ఇంకా కనిపిస్తుంటుంది. అక్కడ మాత్రం చీకటి పడిపోయింది. సూర్యాస్తమయం చూద్దామని అంత దూరం పోతే, లైఫ్‌గార్డు విజిల్ వేసి అందరినీ నీళ్లలోంచి బయటికి పంపిస్తున్నాడు. కారణం తర్వాత అర్థమైంది. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, చెన్నై కంటే బర్మాకే దగ్గర. గడియారం మాత్రం మనదే. అందుకే పొద్దు మనకంటే దాదాపు 55 నిమిషాలు ముందు పొడుస్తుంది, ముందే గూకుతుంది.

రెండోసారి మా అత్తమ్మను తీసుకెళ్లాం. ఆమెది దేవరకొండ దగ్గర పల్లె. సాగర్ డ్యామ్ చూసింది, శ్రీశైలం చూసింది, సముద్రం మాత్రం చూడలేదు. ఆ ప్రయాణం సాఫీగా జరిగింది. ఎందుకంటే ఏ రోజు ఏ ఊరు అని కాకుండా, ఏ వేళకు ఏ ఒడ్డు అని ప్లాన్ వేసుకున్నాం. మన నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం ఆ పద్ధతే రాస్తున్నా.

ఎప్పుడు వెళ్లాలి

అక్కడ ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన దగ్గర పడేది అందులో నాలుగో వంతు. మే చివర నుంచి సెప్టెంబర్ దాకా ఒక వాన, అక్టోబర్, నవంబర్‌లలో ఇంకో వాన. ఆ నెలల్లో టికెట్లు చవకగా దొరుకుతాయి కానీ సముద్రం పొంగి బోట్లు రద్దవుతుంటాయి. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. వ్యవసాయం ఉన్న ఇంటివాళ్లకైతే యాసంగి నాట్లు అయిపోయాక ఫిబ్రవరి బాగుంటుంది. సంక్రాంతి సెలవుల్లో, క్రిస్మస్ వారంలో రేట్లు చూస్తేనే జ్వరం వస్తుంది, ఆ రోజులు వదిలేయండి. పిల్లల పరీక్షలైపోయాక ఏప్రిల్ చివర్లో వెళ్లాల్సి వస్తే సముద్రం నెమ్మదిగానే ఉంటుంది, ఉక్కపోత మాత్రం మన రోహిణి కార్తెను మరిపిస్తుంది.

నెల ఖాయమయ్యాక గోడ మీది క్యాలెండర్ తీయండి. అమావాస్య, పౌర్ణమి ఏ తేదీల్లో ఉన్నాయో చూడండి. ఇది ముహూర్తం కోసం కాదు, ఎందుకో కింద చెబుతా.

ఎన్ని రోజులు, ఏ దీవులు

ఐదు వందలకు పైగా దీవులున్నాయి. మనుషులు ఉండేవి కొన్నే, మనం చూడగలిగేవి ఇంకా తక్కువ. నికోబార్ వైపు మామూలు పర్యాటకులు వెళ్లడానికి లేదు. మొదటిసారికి మూడు దీవులు, ఆరు రోజులు చాలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హేవ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి, మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. పేర్లు మారాయి, గందరగోళ పడకండి: పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. 2018లోనే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. జనం నోట్లో ఇంకా పాత పేర్లే.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలన్నది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. మొదటిసారి నీల్ నుంచి పొద్దున బోటెక్కి, మధ్యాహ్నం విమానం ఎక్కుదామని లెక్క వేసుకున్నా. గాలి ఎక్కువగా ఉందని బోటు రద్దు చేశారు. టికెట్ డబ్బులు వాపసు వచ్చాయి కానీ విమానం పోయింది. సముద్రానికి మన విమానంతో పనేముంది!

బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహల సంగతి చాలామంది అడుగుతారు. గుహలు బాగుంటాయి, మడ అడవుల మధ్య వాగులో పడవ ప్రయాణం ఇంకా బాగుంటుంది. కానీ తెల్లవారుజామున మూడింటికే లేవాలి. జార్వా తెగవాళ్ల అడవి గుండా కాన్వాయ్‌లో వెళ్లాలి. దారిలో బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, వాళ్లకు ఏదీ ఇవ్వకూడదు. ఇవి చట్టం పెట్టిన నిబంధనలు, తప్పితే కేసే. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే, అదనంగా ఒక రోజు చేతిలో లేకపోతే ఈసారికి మానేయండి. అడవిలో బతికేవాళ్లను కారు అద్దంలోంచి తొంగిచూసే ఆశతో వెళ్లేవాళ్లు మాత్రం అసలే వెళ్లకండి.

ఇంటి నుంచి బయల్దేరడం

విమానం టికెట్లు, బోటు టికెట్లు, గదులు ఈ వరసలోనే బుక్ చేయండి. గదులు ముందు తీసుకుంటే ఆ తేదీకి బోటులో సీటు దొరక్క ఇబ్బంది పడతారు. దీవుల మధ్య ప్రభుత్వ ఫెర్రీలు ఉన్నాయి, ప్రైవేటు ఏసీ బోట్లూ ఉన్నాయి. ప్రభుత్వానివి చవక, నెమ్మది, బయట నిలబడి గాలి పీల్చుకోవచ్చు. ప్రైవేటువి గంటన్నర, రెండు గంటల్లో హేవ్‌లాక్ చేరుస్తాయి. చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి ఓడలు కూడా వెళ్తాయి కానీ రెండున్నర, మూడు రోజులు పడుతుంది. సెలవు మొత్తం నీళ్ల మీదే అయిపోతుంది.

హైదరాబాద్ నుంచి విమానాలు సాధారణంగా పొద్దున్నే. నల్లగొండవాళ్లు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్‌కు రెండున్నర గంటలు. దేవరకొండవాళ్లకు ఇబ్రహీంపట్నం దారి నయం. పాలమూరు వాళ్లకు హైవే మీద తిన్నగా శంషాబాదే. ఎక్కడివాళ్లయినా అర్ధరాత్రికి ఇల్లు వదలాలి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ అందరికీ ఉండాలి, బోటెక్కేటప్పుడు కూడా అడుగుతారు.

సకినాలు, గారెలు చేతి సంచిలో పెట్టుకోవచ్చు. మామిడికాయ తొక్కు మాత్రం చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, క్యాబిన్‌లోకి రానివ్వరు. నూనె కారకుండా రెండు కవర్లలో చుట్టండి. తిండికి భయపడకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లో మా ఆటో డ్రైవర్ శ్రీకాకుళం యాసలో మాట్లాడుతుంటే అత్తమ్మకు సగం టెన్షన్ అక్కడే పోయింది.

ఇంకా తీసుకెళ్లాల్సినవి: నగదు, ఎందుకంటే చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020లో మొదలయ్యాక నెట్ మెరుగైంది కానీ హేవ్‌లాక్, నీల్‌లలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. టికెట్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి, యూపీఐ మీదే ఆధారపడకండి. నిండు చేతుల కాటన్ చొక్కాలు, తడిసినా బాధలేని చెప్పులు, దోమల మందు. బీచ్‌లో ఇసుక ఈగలు ఉంటాయి, కుట్టినట్టే తెలియదు, రాత్రికి దురద మొదలవుతుంది.

బోటులో కడుపు కాపాడుకోవడం

సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో వెళ్లినవాళ్లు "మాకు పడవ అలవాటే" అంటారు. కృష్ణ నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు. అక్కడ లాంచీ ముందుకు పోతుంది, ఇక్కడ బోటు ముందుకు పోతూనే పైకీ కిందికీ, పక్కకీ ఊగుతుంది. బోటెక్కడానికి గంట ముందు రెండు ఇడ్లీలు తినండి, అంతే. పులిహోర, పూరీ, టీ మీద టీ వద్దు. అసలు తినకుండా ఎక్కడం కూడా తప్పే, ఖాళీ కడుపుకు ఇంకా వికారం. బస్సులో వాంతులయ్యే అలవాటున్నవాళ్లు అవోమిన్ లాంటి మాత్ర డాక్టర్‌ను అడిగి తెచ్చుకుని, బోటెక్కే ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. కింది అంతస్తులో, నడిమధ్య సీటు అడగండి, ఊపు అక్కడ తక్కువ. ఫోన్ లోపల పెట్టేసి, దూరంగా నీళ్లు ఆకాశం కలిసే గీతను చూస్తూ కూర్చోండి.

ఆటు పోటు లెక్క

అసలు విషయం ఇది. మన చెరువు నిండటానికి ఒక వానాకాలం, ఎండటానికి ఒక ఎండాకాలం. సముద్రం రోజుకు రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పెరిగితే పోటు, తగ్గితే ఆటు. నిండు పోటు నుంచి పూర్తి ఆటుకు కాస్త అటూ ఇటుగా ఆరు గంటలు. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయిస్తాడు కదా, అలాగే పోటు కూడా రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నిన్న పదింటికి వస్తే ఇవాళ పదకొండు దగ్గర పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా పైకొచ్చి బాగా లోపలికి పోతాయి. అష్టమి చుట్టుపక్కల ఆ తేడా తక్కువ. క్యాలెండర్ చూడమన్నది అందుకే. కచ్చితమైన గంటలు ఫోన్‌లోని ఉచిత టైడ్ యాప్‌లలో ఉంటాయి, గది రిసెప్షన్‌లో అడిగినా చెబుతారు.

ఈ లెక్క ఎక్కడ పనికొస్తుందంటే, నీల్‌లో లక్ష్మణ్‌పూర్ రెండో నంబర్ బీచ్ దగ్గర సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. పూర్తి ఆటుకు గంట ముందు చేరాలి. అప్పుడు నీళ్లు వెనక్కి పోయి రాళ్ల మధ్య గుంటలు మిగులుతాయి, వాటిలో నక్షత్ర చేపలు, సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులు, రంగుల చిన్న చేపలు కనిపిస్తాయి. పోటు వేళ వెళ్తే నీళ్లు తప్ప ఏమీ ఉండవు. నాచు మీద కాలు జారుతుంది, చెప్పులు విప్పకండి. నీళ్లు తిరిగి వస్తున్నాయని గైడ్ చెప్పగానే వెనక్కి నడవండి.

హేవ్‌లాక్ తూర్పు ఒడ్డున ఉన్న హోటళ్ల ముందు బీచ్‌లు ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. ఆటు వేళకు నీళ్లు చాలా దూరం పోయి, రాళ్లు తేలి, ఈదడానికి వీలుండదు. "హోటల్ వాళ్లు మోసం చేశారు" అని గొడవపడిన జంటను చూశా. మోసమేమీ లేదు, ఆరు గంటలాగితే సరిపోయేది.

తూర్పు ఒడ్డు పొద్దున, పడమర ఒడ్డు సాయంత్రం

హేవ్‌లాక్‌లో కాలాపత్థర్ బీచ్ తూర్పున ఉంది, తెల్లవారు ఐదుంబావుకల్లా అక్కడ ఉండండి. రాధానగర్ పడమర ఒడ్డు. మధ్యాహ్నం మూడింటికే చేరి, ఈత కొట్టి, ఐదింటికి తడి బట్టలు మార్చుకుని ఇసుకలో కూర్చోండి. నీల్‌లో సీతాపూర్ పొద్దునకు, లక్ష్మణ్‌పూర్ ఒకటో నంబర్ సాయంత్రానికి. పగలంతా ఎండ ఎక్కువున్నప్పుడు బోట్లు, నిద్ర, భోజనం.

రాధానగర్ ఇసుక తెల్లగా, పిండిలా ఉంటుంది. ఇలాంటి పగడపు దీవుల్లో తెల్ల ఇసుకలో కొంత భాగం చిలకచేపల పని. అవి పగడాన్ని కొరికి, మీది నాచు తిని, మిగతాది పొడిగా వదులుతాయి. ఒడ్డు వెంట గుడి గోపురమంత ఎత్తు చెట్లుంటాయి. స్థానికులు మహువా అంటారు కానీ అది మన ఇప్పచెట్టు కాదు, సముద్రపు ఒడ్డున పెరిగే వేరే జాతి. అత్తమ్మ ఆకు తెంపి చూసి "ఇది ఇప్ప కాదు బిడ్డా" అని నాకంటే ముందే తేల్చేసింది.

నీళ్లలో దిగడం

మనవాళ్లలో ఈత వచ్చినవాళ్లంతా వ్యవసాయ బావిలో, నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్నవాళ్లే. వాళ్లతోనే భయం. బావి నీళ్లు కదలవు, సముద్రం లాగుతుంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు ఒకచోట నుంచి పాయలా లోపలికి తిరిగిపోతుంటాయి. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయ దాటిపోతారు, అక్కణ్నుంచి అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివాళ్లు నడుము లోతు దాటొద్దు. జెండాలు, విజిళ్లు పట్టించుకోండి. మడ అడవి, వాగు కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాళ్లు కూడా కడగొద్దు.

పగడాలు చూడాలంటే స్నార్కెలింగ్ (మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటం) నేర్చుకోవడం తేలిక. హేవ్‌లాక్ జెట్టీ నుంచి బోటులో ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్తారు, అక్కడ లైఫ్ జాకెట్ ఇచ్చి పక్కన మనిషిని పంపుతారు. మాస్క్ పెట్టుకునే ముందు లోపలి అద్దానికి ఉమ్మి రాసి ఒకసారి కడగండి. అసహ్యంగా అనిపిస్తుంది కానీ ఆవిరి పట్టదు. పట్టీ వెంట్రుకల మీదుగా, చెవుల పైనుంచి వెనక్కి వెళ్లాలి. మాస్క్ అంచు కింద ఒక్క వెంట్రుక చిక్కినా నీళ్లు కారతాయి. నాది మా పాలమూరు మేనమామల మీసం. పది నిమిషాలు ముక్కులోకి ఉప్పునీళ్లు పోయాక బోటు అబ్బాయి నవ్వి, మీసం మీద వాజిలిన్ రాసుకోమన్నాడు. రాశా, ఒక్క చుక్క రాలేదు. గొట్టం మూతిని పళ్లతో మెత్తగా పట్టి, పెదాలు మూసి, నోటితోనే ఊపిరి తీయండి. ముందు నడుము లోతులో నిలబడి, ముఖం మాత్రం ముంచి ఇరవైసార్లు ఊపిరి తీశాకే కాళ్లు వదలండి.

కింద కనిపించే పగడం రాయి కాదు, ప్రాణి. కాలు పెట్టొద్దు, చెయ్యి పెట్టొద్దు. పట్టుకుంటే అది చస్తుంది, మనకు చెయ్యి కోసుకుంటుంది. నీళ్లలో దిగనన్నవాళ్లకు అద్దం అడుగు పడవలు ఉంటాయి. అత్తమ్మ చూసింది వాటిలోంచే.

స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకు దిగడం) చేయాలంటే ఈత రానవసరం లేదు, శిక్షకుడు పట్టుకునే ఉంటాడు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి నొప్పి, జలుబు ఉంటే దాచకుండా చెప్పండి. దిగాక విమానం ఎక్కడానికి ఒక పూర్తి రోజు ఎడం ఉంచండి, లేకపోతే ఒంట్లో కరిగిన గాలి ప్రమాదం తెస్తుంది. అందుకే స్కూబా హేవ్‌లాక్‌లో, మొదట్లోనే పెట్టుకోవాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో మిగిలిన వేళ

సెల్యులార్ జైలు తప్పకుండా చూడాలి. 1906లో పూర్తయింది, ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకు టికెట్ ముందే తీసుకోండి. ఎదురుగా ఉన్న రాస్ దీవికి చిన్న పడవలో వెళ్లొచ్చు. బ్రిటిష్ వాళ్ల బంగళాలు, చర్చి కూలిపోయి, గోడలను మర్రిజాతి వేళ్లు పట్టుకుని నిలబెట్టినట్టు ఉంటాయి. మన పాలమూరు పిల్లలమర్రి చెట్టు చూసినవాళ్లకు ఆ వేళ్ల బలం కొత్త కాదు, గోడలను మింగడం కొత్త.

గవ్వల సంగతి

నీల్‌లో రెండో రోజు పొద్దున అత్తమ్మ కొంగు నిండా గవ్వలు ఏరింది. మనవరాళ్లకు ఆటకట. ఆగమన్నా ఆగలేదు. ఒక పెద్ద గవ్వ అరచేతిలో పెట్టుకుని తుడుస్తుంటే, లోపలి నుంచి ఎర్రటి కాళ్లు రెండు బయటికి వచ్చాయి. ఆమె చెయ్యి విదిలించింది. గవ్వ ఇసుకలో పడి, తిరగబడి, కాసేపు ఆగి, నడుచుకుంటూ వెళ్లిపోయింది. సన్యాసి పీత. దానికి సొంత గుల్ల ఉండదు, ఖాళీ గవ్వ వెతుక్కుని అందులో కాపురం పెడుతుంది. పెరిగితే ఇల్లు మారుస్తుంది.

అత్తమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "దీని కిరాయిల్లు నేను తీస్కపోతే ఇదేడ వుండాలె?" అని కొంగు దులిపేసింది.

నియమం కూడా అదే చెబుతుంది. పగడం ముక్క, గవ్వ, శంఖం ఏదీ ఏరుకుని తేకూడదు. కొన్ని జాతులకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో పెట్టెలు స్కాన్ చేసి పట్టుకుంటారు. గుర్తుగా కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో అనుమతి ఉన్న దుకాణంలో కొని, బిల్లు చేతి సంచిలో పెట్టుకోండి.

తిరిగి వచ్చేముందు ఉప్పునీళ్లలో తడిసిన బట్టలను మంచినీళ్లలో ఒకసారి ముంచి తీయండి, లేకపోతే ఇంటికొచ్చేసరికి బిగుసుకుపోతాయి. బకెట్లు బకెట్లు వాడకండి. ఎండాకాలంలో అక్కడా నీళ్లకు కటకటే, కొన్నిచోట్ల కొళాయి రోజూ రాదు. ఈ సంగతి విన్నప్పుడు అత్తమ్మ బాల్కనీలో నిలబడి సముద్రాన్నే చూస్తోంది. "ఇన్ని నీళ్లున్నయ్, ఒక్క బుక్క తాగరాదాయె. మనూరు బోరే నయం" అంది, బకెట్‌లో మిగిలిన సగం నీళ్లు పక్క మొక్కకు పోస్తూ.